నాలుగొందల పదిహేడు

చిసెంగా కూర్చున్న కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను.
పదకొండేళ్ళు ఆవిడ బరువు మోసిన గుంట
దిండులో ఇంకా పూడలేదు.

ముఫులిరాలో గని మొగదల దీపాల గది ఇది.
దిగేవాడు దీపం అందుకుని
తన నంబరున్న ఇత్తడి బిళ్ళ మేకుకి తగిలించి పోతాడు.
పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ పట్టుకుపోతాడు.
మేకు మీద ఒక్క బిళ్ళ మిగిలిందంటే
కింద ఒక మనిషి మిగిలాడని.
ఇంతే ఉద్యోగం.
వేలిముద్ర వేసేవాడికీ అర్థమయ్యే లెక్క.

దీనికి పై చదువెందుకమ్మా అని
క్యాంటీన్‌లో నవ్వారు.
శని ఆదివారాలు మినీబస్సెక్కి కిట్వే వెళ్ళేది,
ఒళ్ళో పుస్తకం, పుస్తకం మీద వేరుశనగకాయలు.
గంధకం పొగ ఊరి మీదికి దిగిన రోజుల్లో
ముక్కుకి చితెంగె గుడ్డ బిగించి కట్టుకుని
ఆ పొగే మోతాదు దాటితే
ఊపిరితిత్తులేమవుతాయో
దగ్గుతూ వల్లె వేసేది.

పట్టా చేతికొచ్చిన నెలలో మూడు ఉత్తరాలు.
లుసాకాలో బీమా కంపెనీ:
చల్లని గది, తెగిన వేళ్ళకి ఖరీదు కట్టే పని.
బొటనవేలికి ఒక ధర, చిటికెనవేలికి ఒక ధర.
ఎన్‌డోలాలో సిమెంటు ఫ్యాక్టరీ:
మేనేజరు హోదా, క్వార్టర్సు,
గేటు దగ్గర 'ప్రమాదం లేని రోజులు' అన్న బోర్డు మీద
రోజూ అంకె పెంచే అధికారం.
అంకె ఆగకూడదంటే
కొన్ని దెబ్బలు దెబ్బలు కావని రాయాలి, అది వేరే సంగతి.
మూడోది సర్కారు వారి గనుల తనిఖీ శాఖ.
జీతం చదివి వాళ్ళాయన కాగితం తిరగేసి చూశాడు,
వెనకాల ఇంకో సున్నా ఏమైనా ఉందేమోనని.

సిమెంటు వాళ్ళు ఇంటర్వ్యూలో అడిగారట,
మీరు సాధించిన గొప్ప పని ఒకటి చెప్పమని.
నాలుగొందల పదిహేడు, అందట.

ఆ కథ గనిలో తెలియనివాళ్ళు లేరు.
జూన్ నెల, చలి.
షిఫ్టు దిగిపోయింది, రాతిలో మందు కూరి ఉంది,
మేకు మీద 417 వేలాడుతోంది.
ఫోర్‌మన్ అరిచాడు, షిఫ్టు బాసు బతిమాలాడు,
పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు.
అందరూ వచ్చేశారని సంతకం పెట్టు చాలు, పేల్చేస్తాం.
ఆవిడ పెన్ను జడలో దోపుకుని
చేతులు కట్టుకుని కూర్చుంది.
రెండు గంటల పది నిమిషాలు గని గనంతా
రూపాయంత ఇత్తడి ముందు నిలబడిపోయింది.
నాలుగొందల పదిహేడు గారు, అంటే కటోంగో,
ఎప్పుడో పైకొచ్చి, కిటికీ మొహం చూడకుండా,
నెత్తిన కంపెనీ దీపంతోనే ఇంటికెళ్ళి
పక్కింటి పెరట్లో
తప్పిపోయిన కోడిపెట్టని వెతుక్కుంటున్నాడు.

ఆవిడకి మూడు రోజుల జీతం కోశారు.
మర్నాడు కటోంగో కిటికీలోంచి
ఒక క్యాబేజీ లోపలికి తోసి
ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

ఇందులో సాధించిందేముంది,
ఆ రోజు ఎవరికీ ఏమీ కాబోలేదు కదా, అన్నారట.
అవును, అందట.
వాళ్ళు కాగితాలు సర్దుకున్నారట.

తనిఖీ శాఖలో మొదటిరోజు ఒక జీపు అప్పగించారు.
వెనక చక్రం గుండు కొట్టించుకున్నట్టు నున్నగా ఉంది.
ఆవిడ రాసిన మొదటి నోటీసు
తన శాఖ మీదే.
అయిదు వారాలు మినీబస్సులో తిరిగింది,
ఒళ్ళో ఈసారి హెల్మెట్,
హెల్మెట్‌లో వేరుశనగకాయలు.

పోయిన మంగళవారం మా దగ్గరికి వచ్చింది.
టీ వద్దంది. కుర్చీ వంక చూడలేదు.
మేకులు ఒక్కొక్కటీ వేలితో కదిపింది,
మూడో వరస, ఎడమ నుంచి తొమ్మిదోది ఊగింది.
రాసుకుంది.
నాకు ఉక్రోషం వచ్చింది.
అది మీ రోజుల్నుంచీ వదులే కదండీ, అన్నాను.

తలెత్తలేదు.
అదీ రాసుకుంది.